తెల్లెంటిక

సిరొంచ జిల్లా పరిషత్ బడి, ఆరో తరగతి గది.
కిటికీలకు గోనెసంచులు కట్టి
పగటిని బయట నిలబెట్టాం.
గోడ మీద మరాఠీ అక్షరాలు, ‘క’ పక్కన కమలం,
దాని కింద ఎవరో బొగ్గుతో రాసిన తెలుగు తిట్టు.

పుణెలో నా బల్ల మీద ఒక పరిశోధనా పత్రం ఉంది.
పద్నాలుగు పేజీలు, ముప్పై ఒక్క సమీకరణాలు.
చివరిదాకా చదివినవాళ్ళు
బహుశా తొమ్మిది మంది.
అందులో ముగ్గురం రాసినవాళ్ళమే.

“మా లోకులకు సమజయ్యేటట్టు చెప్పండి మేడమ్”
అన్నారు హెడ్మాస్టర్ వాసేకర్, తనకొచ్చిన తెలుగులో.

అన్నీ తెచ్చాను.
సంతలో ముప్పై రూపాయలకు కొన్న ఎర్ర లేజరు,
కంత పెట్టిన పోస్టుకార్డు, బట్టల క్లిప్పులు.
వెంట్రుక మాత్రం మరిచాను.
నా తల చూస్తే మగపిల్లాడి క్రాపు.

“తెల్లెంటిక పనికొస్తదా?”
ఖిచిడీ వండే లచ్చుబాయి కొప్పు విప్పి
ఒకటి పీకి ఇచ్చింది,
నూనె, కట్టెల పొగ కలిసిన వాసనతో.

కంతకు అడ్డంగా అంటించి లేజరు నొక్కాను.
కమలం మీద పడాల్సిన ఒక్క చుక్క
తెగిన పూసల దండలా గోడ పొడుగునా పరుచుకుంది.
ఎరుపు, చీకటి, ఎరుపు, చీకటి.

“నీడైతే ఒక్కటే ఉండాలె గదా,
గిన్ని గీతలేంది?” అన్నాడు జాడి నవనాథ్.
ఆ ప్రశ్నకే నాకు నెలనెలా జీతమిస్తారని
వాడికి చెప్పలేదు.

వెంట్రుకకు ఈ పక్క నుంచి వచ్చిన వెలుగు,
ఆ పక్క నుంచి వచ్చిన వెలుగు
కొన్నిచోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయన్నాను.
వెనక బెంచీలోంచి ఒక పిల్ల,
“ప్రాణహిత గోదాట్ల కలిసేకాడ
కొన్ని జాగల నీళ్ళు ఊగయి, గట్లనా?”
అట్లనే. దాదాపు అట్లనే.

అక్కడ ఆగిపోవాల్సింది.

వెలుగును ఒక్కొక్క రవ్వగా వదిలినా
ఒక్కొక్క చుక్కే పడుతుందనీ,
వేల చుక్కలు పడ్డాక మళ్ళీ అవే గీతలనీ చెప్పి,
అందరూ నోరు తెరిచేసరికి ఊపొచ్చి అన్నాను:
“చూసేదాకా ఒకే పడవ రెండు రేవుల్లోనూ ఉన్నట్టు!”

తలుపు దగ్గర దగ్గు.
తోకల బానయ్య. వంతెన వచ్చాక
పడవను బోర్లించి కోళ్ళగూడు చేసినవాడు.
“అబద్ధం” అన్నాడు.
“మంచుల పడవ ఏ రేవుకాడున్నదో నీకు కనవడది.
నాకెర్కే. నేను దాంట్లనే ఉన్న గదా.”

గదిలో లేజరు పురుగులా గుయ్యిమంటోంది.
పదకొండేళ్ళుగా ఈ మాటనే
కొయ్య బాషలో వాదిస్తున్నాం మేము.
“అక్కడ పడవలో ఎవరూ లేరు తాతా” అన్నాను.
“లేకుంటే పడవకెర్కే.”
“పడవకూ తెలియదు.”
“గోదారికి?”
“గోదారికి కూడా.
మాలో కొందరు ఒప్పుకోరు, పోట్లాడుకుంటున్నాం.
నేనైతే తెలియదనే అంటాను.”

ఆయన బీడీ వెలిగించబోయి, బడి అని గుర్తొచ్చి
చెవిమీద పెట్టుకున్నాడు.
“ఎవ్వలికీ ఎర్క లేదని జెప్పు మరి.
రెండు రేవులల్ల ఉన్నదని ఎందుకు జెప్తవు?
ఉన్నదంటే ఒకటి, ఎర్కలేదంటే ఒకటి,
ఎర్కయ్యేటందుకే ఏం లేదంటే ఇంకొకటి.
మూడోది జెప్పు. గదే కొత్తగున్నది.”

నోట్సులో పడవను కొట్టేశాను.
దాని చోట ఏం రాయాలో తెలియక
ఆయన మాటే రాసుకున్నాను, యాసతో సహా.

బ్యాటరీ అయిపోయింది. గోనెలు విప్పాం.
గోడ మీద మళ్ళీ కమలం, తిట్టు.
పిల్లలు కంచాలకు ఉరికారు.

కార్డు సంచిలో పెట్టుకుంటుంటే
లచ్చుబాయి చెయ్యి చాపింది.
“నా ఎంటిక ఇచ్చెయ్ బిడ్డా.
తల ఎంటిక ఊరు దాటొద్దు.”
జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చాను.
పొయ్యిలో వేసింది.
చిటుక్కుమంది.